ఆకాశం గురించి అడగమన్న అప్ప

బావగారు స్కూటరు ఇంజను ఆపకుండానే గేటు దగ్గర నిలబడి, "మీ అప్ప వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఇంకా ఎవరికో చెప్పాలన్నట్టు వెళ్ళిపోయారు. నేను చేతిలోని బియ్యం చేట కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాను. ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే ఆవిడ ఏదో అడుగుతున్నట్టే ఉంటుంది.

అప్ప నాకు తోడబుట్టినది కాదు. పెళ్ళయి విజయనగరం నుంచి భిలాయి వచ్చిన కొత్తలో మా క్వార్టరుకి ఎదురు క్వార్టరు వాళ్ళది. ఆవిడ భర్తే బావగారు, ప్లాంటులో ఇంజనీరు. అప్ప వాల్తేరులో ఫిజిక్సు చదివి ఇక్కడి బడిలో సైన్సు చెప్పేది. కుదురులేని మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి నడిచేది. టీ గ్లాసు ఒక కిటికీలో మరిచిపోయి ఇంకో కిటికీ దగ్గర వెతుక్కునేది.

"చంద్రుడి మీదకి మొదటిసారి వెళ్ళినప్పుడు వీధి వీధంతా రేడియో దగ్గరే ఉందే. ఆఖరుసారి వెళ్ళొచ్చినట్టు ఒక్కరికీ తెలీదు. నాలుగేళ్ళేనా కాలేదు. ఏటయిపోయిందంటావు?" అని అడిగింది ఒకసారి.

"ఇళ్ళల్లో పనులుంటాయి కదప్పా" అన్నాను.

"పనులు అప్పుడూ ఉన్నాయి" అంది.

డెబ్భై అయిదులో, అమెరికా వాళ్ళు మనకి ఏడాదికి ఇచ్చిన ఉపగ్రహంతో దుర్గ్ చుట్టుపక్కల కొన్ని పల్లెలకి టీవీ వచ్చింది. స్టీలు టౌన్‌లో ఉన్న మాకు లేదు, అక్కడి పంచాయతీ ఇంటికి వచ్చింది. అప్పకి కాలు నిలవలేదు. నన్ను బస్సెక్కించి ఒక ఊరికి తీసుకెళ్ళింది. పంచాయతీ ఇంటి పక్కన, కోళ్ళగూటికి బిగించే లాంటి వలతో చేసిన, పెద్ద గొడుగులాంటి యాంటెన్నా ఆకాశంకేసి నోరు తెరుచుకుని ఉంది. సాయంత్రం ఊరు ఊరంతా వచ్చి నేలమీద కూర్చుంది. బొమ్మ కనిపించగానే అందరూ ముందుకు జరిగారు. అప్ప మాత్రం టీవీకి వీపు పెట్టి వాళ్ళ మొహాలనే చూస్తూ నిలబడింది.

తరవాత చాలాసార్లు వెళ్ళాం. చలికాలం దాటేసరికి జనం పలచబడ్డారు. గోడవారన పప్పు చెరుగుతున్న ఒకావిడని అప్ప అడిగింది, ఎందుకు రావడం లేదని. ఆవిడ చేటలోంచి తలెత్తకుండా తన ఛత్తీస్‌గఢీలో చెప్పింది. ఫలానా ఎరువు వెయ్యమని పెట్టె చెప్తుందిట. ఆ ఎరువు ఈ ఊళ్ళో దొరకదని పెట్టెతో చెప్పడం ఎలాగట.

తిరుగు బస్సు దిగాక అప్ప అంది: "రమ్మని పిలిచి చాప వెయ్యకపోతే, చుట్టమేనా ఎంతసేపు నిలబడతాడే?"

అయినా ఆ ఊరికి ఒక మాట ఇచ్చింది. ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోతారట కదా అని వాళ్ళు భయపడుతుంటే, "ఎక్కడికీ పోదు, ఇంత ఖర్చుపెట్టి మధ్యలో ఆపరు" అంది. ఏడాది నిండింది, ఉపగ్రహాన్ని పక్కకి జరిపేశారు. టీవీలో చుక్కల వాన తప్ప ఏమీ లేదు. అప్ప దుర్గ్ వెళ్ళి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. తరవాత రాయపూర్‌లో టవరు నిలబెట్టి కొన్ని ఊళ్ళకి టీవీ మళ్ళీ ఇచ్చారు. మా ఇళ్ళకీ వచ్చింది. ఆ ఊరికి మాత్రం అందలేదు.

"టీవీ కబ్ ఆహీ, దీదీ?" అని అప్ప బస్సు దిగగానే ఊరివాళ్ళు అడిగేవారు, టీవీ ఎప్పుడొస్తుందని. మొహం చెల్లక కొన్నాళ్ళు వెళ్ళడం మానేసింది. ఇంట్లోనే ఇటూ అటూ తిరిగేది. బావగారు విసుక్కున్నారు.

"నువ్వేటి, ఉపగ్రహం నువ్వు పంపించేవా? నీకెందుకు?"

"పంపలేదు. ఉంటాదని మాటిచ్చేను."

ఒక ఆదివారం లేచి చీర మార్చుకుని బయల్దేరింది. వెంట నేనూ ఉన్నాను. పంచాయతీ అరుగు మీద నిలబడి, తెలియకుండా మాటిచ్చానని, టీవీ రాదని హిందీలో సూటిగా చెప్పేసింది. ఆ వెంటనే, "టీవీ లేదు, నేనున్నాను. ఆకాశం గురించి ఏదైనా అడగండి. తెలిస్తే చెప్తాను, తెలియకపోతే తెలుసుకుని వచ్చే ఆదివారం చెప్తాను" అంది.

ఆ ఆదివారాలు అప్ప మంచాన పడేదాకా సాగాయి. వర్షం ఏ మబ్బులో ఉంటుందో పై నుంచి కనిపిస్తుందా, అక్కడ చచ్చిపోతే ఎలా దహనం చేస్తారు, ఆడవాళ్ళని పంపుతారా అని అడిగేవారు. కొన్ని వారాలు అరుగు నిండేది. కొన్ని వారాలు ఇద్దరే. ఎవరూ రాని వారాలూ ఉన్నాయి. అలాంటి రోజు అప్ప మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

ఎనభై నాలుగులో మన దేశం మనిషి రష్యా వాళ్ళ నౌకలో పైకి వెళ్ళాడు. మన ప్లాంటు కట్టించిన రష్యా వాళ్ళ నౌక అని భిలాయిలో ఎవరికి వాళ్ళే గర్వపడ్డారు. టీవీలో చూపిస్తారన్న రోజున అప్ప ఆ ఊరివాళ్ళని తన క్వార్టరుకి పిలిచింది. అప్పటికే వరండా మా వీధి వాళ్ళతో నిండిపోయింది. బావగారి స్నేహితుడొకాయన, "చెల్లెమ్మా, మనకే చోటు లేదు, వీళ్ళందరూ ఎవరు?" అన్నాడు.

"చుట్టాలు అన్నయ్యా. కాస్త ఆ చివర పట్టండి" అని టీవీని బల్లతో సహా పెరట్లోకి మోయించింది. ముందు వరసలో పల్లె ఆడవాళ్ళు కూర్చున్నారు. తెరమీద ఆ మనిషి కనబడగానే వాళ్ళలో ఒకామె మెల్లిగా అడిగింది, అతను పైకెళ్ళాడని వాళ్ళమ్మకి తెలుసా అని. అప్ప నవ్వి, తెలుసని చెప్పి, ఎందుకో చీర చెంగుతో కళ్ళొత్తుకుంది.

నెల తిరక్కుండా వీధిలో ఆ ఊసే లేదు. నేనూ మరిచిపోయాను. అప్ప మాత్రం, "ఏటి, అంతేనా?" అని అందరినీ పట్టుకుని అడిగేది. జనం తప్పుకు తిరగడం మొదలుపెట్టారు.

ఆ తరవాత రెండేళ్ళకి అమెరికాలో ఒక బడి పంతులమ్మ కూడా ఎక్కిన నౌక ఆకాశంలోనే పేలిపోయింది. మళ్ళీ అందరం టీవీల ముందు చేరాం. నేను వెళ్ళేసరికి అప్ప వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య నడుస్తోంది.

"డెబ్భై తొమ్మిదిలో అమెరికా వాళ్ళ ఆకాశ స్టేషను కూలిపోయి మన నెత్తిన పడుతుందన్నప్పుడు చూసేం. ఇప్పుడు చచ్చిపోయేరని చూస్తున్నాం. బతికుండి తిరుగుతున్నన్నాళ్ళూ ఎవరమేనా చూసేమేటే?" అంది. మర్నాడు క్లాసులో పిల్లలు ఆ టీచరు భయపడి ఉంటుందా అని అడిగారట. "భయపడే ఉంటుంది. అయినా ఎక్కింది" అని చెప్పి, మిగతా పీరియడంతా వాళ్ళచేతే మాట్లాడించిందట.

మనుషులు ఎందుకు మరిచిపోతారో అప్పకి చివరిదాకా అంతు చిక్కలేదు. చాప వెయ్యకపోతే చుట్టం నిలబడడన్నది కొంత నిజమని ఒప్పుకునేది, అది చాలదనేది. చాప వేసినా లేచిపోయిన వాళ్ళని అరుగు మీద చూసింది కదా. నాకూ తెలియదు. అడగడం మానకూడదని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అందుకు రుణపడి ఉన్నాను.

పోయిన చలికాలంలో, మంచాన పడేముందు, ఒంట్లో బాగా లేదని తెలిసీ, అప్ప ఆ ఊరికి వెళ్తానంది. బావగారు వద్దన్నారు, నేను తోడెళ్ళాను. సాయంత్రం బస్సు కోసం పొలాలకి అడ్డంపడి రోడ్డుకి వస్తున్నాం. కోతలయిపోయిన మళ్ళు, సన్నటి గట్టు. ఊరి ఆడపిల్లలు కొందరు సాగనంపడానికి వెనకే వస్తూ ఇంకా ఏదో అడుగుతున్నారు. అప్ప వాళ్ళకేసి తిరిగి, చేతులు తిప్పి చెప్తూ, గట్టు మీద వెనక్కి వెనక్కి నడవసాగింది. చెప్పులు తీసి చంకలో పెట్టుకుంది. కిందకి చూడడం లేదు. మడమతో గట్టుని తడుముకుంటూ, ఒక అడుగు వేసి, మాట ఆపకుండా ఇంకో అడుగు వేస్తోంది.