బావ కంటికి అందని పూస

నాటు తుపాకీ గొట్టం కొసన ఆవగింజంత ఇత్తడి బొడిపె ఒకటి ఉంటుంది. మేము దాన్ని పూస అంటాం. కంటి దగ్గరున్న గాడిలోంచి చూసి, ఆ పూసని తీసుకెళ్ళి జంతువు మీద ఆనించి, అప్పుడు మీట నొక్కాలి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతే మా అక్క మొగుణ్ణి, మా బావని, ఏళ్ళ తరబడి నమిలి ఊసేసింది.

తొంభైలు అయిపోతున్న రోజులు. నేను అరకు సంతలో గొడుగులూ, టార్చిలైట్లూ, కిరసనాయిలు స్టవ్వులూ బాగు చేసేవాణ్ణి. ఐదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ తేడా వచ్చి బడి మానేశాను. తేడా ఏమిటంటే ఆయన అడిగేవాడు, నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఆ తర్వాత ఆకురాయే నాకు బలపం.

ఒక శుక్రవారం సంతలో బావ వచ్చి నేను సామాన్లు పరుచుకున్న పట్టా ముందు గొంతుక్కూర్చున్నాడు. మాటలు పొదుపు మనిషి. ఆయన వాటా మాటలు కూడా చిన్నప్పట్నుంచి నేనే వాడేసుకుంటున్నాను. చేతిలో టార్చిలైటు ఉంది, వెలుగుతూనే ఉంది. బాగున్న టార్చిని బాగు చేయించుకోడానికి కొండ దిగి వచ్చిన మొదటి మనిషివి నువ్వే అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, తుపాకీ పూస అరిగిపోయినట్టుంది, కొత్తది వెయ్యాలి అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు, ఏదో జబ్బు గురించి అడిగినట్టు.

సంత అయ్యాక ఆయనతో ఊరెళ్ళి తుపాకీ చూశాను. పూస నిక్షేపంలాగ ఉంది.

"బావా, పూస అరగనేదు. నీ కళ్ళే అరిగిపోనాయి."

"నోర్ముయ్యిరా. ఇత్తడి మెత్తన. అరుగుద్ది."

నేను నవ్వాను. లోపల నుంచి అక్క కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలి. మా కొండల్లో చైత్రమాసం పండక్కి మగవాళ్ళందరూ కలిసి వేటకి వెళ్తారు. వేట నేరమని అడవి గార్డు ఏడాది పొడుగునా చెప్పేవాడు, సరిగ్గా ఆ పండగ రోజుల్లో మాత్రం సొంతూరికి సెలవు పెట్టి వెళ్ళిపోయేవాడు. కొంతమంది డప్పులు కొడుతూ, కేకలేస్తూ జంతువుల్ని కింద నుంచి తోలుకొస్తారు. అవి గెడ్డ మూతి దగ్గర, అంటే కొండవాగు సన్నబడే చోట, రెండు బండల మధ్య సందులోంచి బయటికి వస్తాయి. ఆ సందుకెదురుగా నిలబడేది ఒక్క తుపాకీ. ఊళ్ళో బాగా గురి ఉన్నవాడిదే ఆ చోటు. బావ పెళ్ళికి ముందు నుంచీ అక్కడే నిలబడేవాడు. పండగ బాగా జరిగిందా లేదా అన్నది ఆయన వేలి మీద ఉండేది. అలాంటి మనిషి వరసగా రెండు పండగలు గురి తప్పాడు. ఇంకోసారి తప్పితే ఆ చోటు ఒక కుర్రాడికి ఇచ్చేద్దామని ఊరి పెద్ద అందరి ముందూ అనేశాడు. మెల్లగానే అన్నాడు, మర్యాదగానే అన్నాడు. కొట్టినా బాగుండేదని బావ మొహం చూస్తే అనిపించింది.

అలా మొదలైంది పూసలు మార్చే పని.

ముందు ఇత్తడిదే కొత్తది, కందిగింజంత, తళతళలాడేలాగ తోమి అతికాను. పనస చెట్టు మీద సున్నంతో గుండ్రం గీశాం. తుపాకీ మందు దండగ చెయ్యలేక చాలాసార్లు ఉత్తినే గురి పెట్టి చూసేవాడు. పూస కనిపించింది. ఇద్దరం సంబరపడ్డాం. పొద్దెక్కి ఎండ పక్క నుంచి కొట్టేసరికి పూసకి ఒక చెంపే మెరిసింది. ఆ మెరుపే పూస అనుకుని కాల్చాడు. గుండు చెట్టుని వదిలేసి కాఫీ తోటలోకి పోయింది. మరి ఎండలేని చోట జంతువుని నిలబడమని అడుగుదామా బావా అన్నాను.

తర్వాత ఎముక ముక్క చెక్కి తెల్లది పెట్టాను. నీడలో బాగుంది. పొగమంచులో మంచుతో కలిసిపోయింది, మా దగ్గర మంచు లేని పొద్దు ఎక్కడుంది? ఎర్ర దువ్వెన పన్ను కోసి పెట్టాను. పొద్దున్న పండు మిరపకాయలాగ కనిపించింది, సాయంత్రానికి నల్లబడి మాయమైంది. పెద్దది కావాలన్నాడు. శనగ గింజంత పెట్టాను. ఇంకా పెద్దదన్నాడు. చింతగింజంత పెట్టాను. అప్పుడు పూస కనిపించింది గానీ, దాని వెనక పనస చెట్టే కనిపించలేదు.

"ఇంకా పెద్దదంటే గుమ్మడికాయ కట్టాల బావా. అప్పుడు కాల్చక్కర్నేదు. ఇసిరితే సాలు."

అక్క చేటలో సామలు చెరుగుతూ, గుమ్మడికాయైతే కూరకైనా వస్తుంది అంది. వాళ్ళిద్దరి మధ్య నా హాస్యానికి ఎప్పుడూ చోటుండేది. ఆ రోజు బావ తుపాకీ గోడకి ఆనించి, వాకిట్లోకి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆ చలికాలంలోనే లోయలో బళ్ళో కంటి శిబిరం పెట్టారు. రానంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. కళ్ళు చూసినాయన కింద దేశం నుంచి వచ్చినవాడు, మంచివాడు. శుక్లం లేదన్నాడు. దగ్గర చూపు తగ్గింది, వయసుతో అందరికీ వచ్చేదే, మందు లేదు, అద్దాలే అన్నాడు. బావ ముక్కు మీద అద్దాలు పెట్టి, చేతికి పేపరిచ్చి చదవమన్నాడు. బావ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చాలా మర్యాదగా చెప్పాడు.

"బాగా అగుపడతన్నాయి బాబూ. ఏటంటన్నాయో మీరే సెప్పాల."

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. బావ కూడా నవ్వాడు, చాలా రోజులకి.

ఇంటికెళ్ళగానే అద్దాలు పెట్టుకుని తుపాకీ ఎత్తాడు. అద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఏటి బావా?"

"అద్దాలెట్టుకుంటే పూస నిండు సందమామలాగుంది. కొండ నేదు. తీసేత్తే కొండొచ్చేత్తంది. పూస ఎలిపోతంది."

సవతులు బావా, ఒక ఇంట్లో ఉండరు అన్నాను. అన్నాక నాకే నోరు చేదుగా అనిపించింది. అప్పటిదాకా పూస ఏ రంగుదైతే బాగుంటుంది, ఎంతదైతే బాగుంటుంది అని ఆలోచిస్తున్నాను. ఆ కంటికి దగ్గరా దూరమూ ఇంక కలిసి రావని ఆ మాటతో తెలిసింది. రెంటిలో ఒకటి వదులుకోవాలి. జంతువుని వదులుకుంటే వేటే లేదు. పూసని వదులుకుంటే గురి లేదు.

పండగ దగ్గర పడుతుండగా సంతలో ఒక టార్చి విప్పుతున్నాను. మూతికి అద్దం పట్టి ఉంచే రేకు చట్రం చేతిలోకి వచ్చింది. అద్దం పగిలి పోయింది, చట్రం ఒక్కటే మిగిలింది. ఊరికే దాన్ని కంటి ముందు పెట్టి సంతలోకి చూశాను. అల్లం బస్తాలూ, ముసలమ్మలూ, రైలు దిగి ఫోటోలు తీసుకునేవాళ్ళూ అందులో కనిపించారు. అప్పుడు తట్టింది. కనిపించని పూసని చూడ్డం దేనికి? పూసకి బదులు సన్నటి రింగు పెడితే, మసగ్గా ఉన్నా సరే, దాని మధ్యలోంచి జంతువునే చూడొచ్చు.

అంత సన్నటి, అంత గుండ్రటి రింగు నా సామాన్లలో లేదు. తీగ వంచితే కోడిగుడ్డులాగ వస్తోంది. అక్క నా తంటాలు చూసి, తన ముక్కుకున్న రింగుల్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. కన్నం పూడిపోకుండా చీపురుపుల్ల విరిచి ముక్కులో పెట్టుకుంది. నీ ముక్కు పోయి తుపాకీకి ముక్కొచ్చింది అన్నాను. బేగి అతుకు, నీ నోటికి కూడా పుల్ల పెడతాను అంది.

బావ గురి పెట్టాడు. అద్దాలు లేకుండానే. కొంచెంసేపు చూసి, చెట్టుంది అన్నాడు. రింగుందా అంటే, పొగ చుట్టలాగుంది, మధ్యలో చెట్టుంది అన్నాడు. కాల్చాడు. సున్నం గుండ్రం లోపలే తగిలింది. మళ్ళీ మందు దట్టించి కాల్చాడు, మళ్ళీ తగిలింది. ఆ పూట అంబలి రెండోసారి అడిగి తాగాడు. మొహంలోకి మనిషి తిరిగి వచ్చాడు.

పండగొచ్చింది. బావ గెడ్డ మూతి దగ్గర తన చోట్లో నిలబడ్డాడు. మందు సంచీ పట్టుకుని నేను ఆయన వెనక. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. పొద్దు వాలాక, చెట్ల నీడ కిందికి దిగాక, కింద డప్పులు దగ్గరయ్యాయి. పొదలు కదిలాయి. నాకు కనిపించింది, పంది, మంచి మగపంది, సందులోంచి తిన్నగా వస్తోంది. తుపాకీ ఎత్తే ఉంది. ఆయన కాల్చలేదు. పంది మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పరుగెత్తింది, దాని వాసన నాకు తగిలింది. వెళ్ళిపోయింది. దాని వెనకే, అదే సందులోంచి, అంతే నల్లగా, నల్ల దుప్పటి కప్పుకుని వంగి వస్తూ, తోలేవాళ్ళలో ముందున్న మనిషి బయటపడ్డాడు.

బావ తుపాకీ దించాడు. నాకొక్కడికే వినపడేలాగ అన్నాడు.

"రింగులో ఏదో నల్లగా కదిలింది. పందో మనిషో నాకు తెలీనేదు."

పనస చెట్టు కదలదు, దాని మీద తెల్ల సున్నం ఉంటుంది, అది మిట్టమధ్యాహ్నం. ఇది నీడలో పరుగెత్తే నలుపు, దాని మీద రింగు మసక. ఇంక మార్చాల్సింది గొట్టం కొసన లేదు. నేను మందు సంచీ మూతి బిగించాను.

ఎందుకు కాల్చలేదని అందరూ అడిగారు. ఆయన చెప్పలేదు, పందో మనిషో తెలియలేదని నేనే చెప్పాను. ఊరి పెద్ద తల పంకించి, మంచి పని చేశాడు, మనిషి ప్రాణం మిగిలింది అన్నాడు. అంతా అవునన్నారు. ఆ మెప్పు బావకి ఎక్కడ తగిలిందో నేను చూశాను. బావకి కళ్ళు ఆనలేదన్న మాట మాకంటే ముందే ఎవరితోనో కొండ దిగి ఊళ్ళోకి పోయింది.

వేట లేకుండా తిరిగొచ్చిన మగవాళ్ళని మా ఆడవాళ్ళు ఊళ్ళోకి ఊరికే రానివ్వరు. దారికి అడ్డంగా నిలబడి, కుండలతో పేడనీళ్ళు గుమ్మరించి, నోటికొచ్చింది తిడతారు. వేటగాడన్నవాడికి అది రావాల్సిన బాకీ. బావ గురి తప్పిన రెండు పండగలకీ అందరికంటే ముందు కుండ ఎత్తింది మా అక్కే. పందిని కొట్టమంటే పొగని కొట్టుకొచ్చినాడు మా ఇంటాయన అని ఊరంతా వినేలా అరిచింది. పేడనీళ్ళు కారుతున్న మీసంతో బావ నవ్వుతూ ఇంట్లోకి వెళ్ళాడు. తప్పిన వేటగాడు కూడా వేటగాడే.

ఈసారీ దారికి అడ్డంగా నిలబడ్డారు. ముందు కుర్రాళ్ళ మీద పడ్డారు, తర్వాత నా మీద. నేను వేటగాణ్ణి కాదు, సంచీ మోసేవాణ్ణి అని మొత్తుకున్నా వినలేదు, నెత్తి నుంచి కాళ్ళ దాకా ముంచేశారు. ఊరి పెద్దని కూడా వదల్లేదు. తిట్లతో నవ్వులతో చెవులు పగిలిపోతున్నాయి. అందరి వెనకా బావ వచ్చాడు.

కుండలు దిగాయి. ఒకరు పక్కకి తప్పుకున్నారు, ఆ పక్కావిడా తప్పుకుంది. దారి ఇచ్చారు.

"ఒగ్గీండర్రా," అంది ఒక ముసలమ్మ. "పాపం, కళ్ళగుపడవు."

బావ ఆగాడు. తలలో ఇంకా తెల్లవెంట్రుకలు కూడా సరిగ్గా రాలేదు ఆయనకి. ఆడవాళ్ళ మధ్య నిలబడి, ఒక్కొక్క కుండ వంకా చూశాడు. చివరన అక్క ఉంది, చేతిలో కుండ నిండుగా ఉంది. ఆమెకెదురుగా వెళ్ళి, పొయ్యమన్నట్టు తల వంచి నిలబడ్డాడు. అక్క కుండ ఎత్తబోయింది, సగం దాకా ఎత్తింది కూడా. చేతులు అక్కడే ఆగిపోయాయి. కుండ కింద పెట్టేసి తల తిప్పుకుంది.

ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నేను కంపు కొట్టుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. బావా, ఈ పూట ఊళ్ళో శుభ్రంగా ఉన్న మగాడివి నువ్వొక్కడివే అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను. ఊళ్ళో అప్పటికే డప్పులు మొదలయ్యాయి, తడిసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఆటలోకి దిగారు.

"నీ సొక్కా ఇలాగియ్యి," అన్నాడు.

ఉతికించడానికేమో అనుకుని విప్పి ఇచ్చాను. తన పొడి చొక్కా తీసి పక్కన పెట్టాడు. పేడనీళ్ళు ఓడుతున్న నా చొక్కా తొడుక్కుని, గుండీలు తడుముకుంటూ ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.