తడిసిన ఆకు

ఆ రోజు వాన రావడం నేను చూశాను. చూసి కూడా అరుగు మీద నుంచి లేవలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ పేజీలో "వాన. ఆకు తడిసింది" అని మాత్రమే ఉంది. ఇంట్లో వాళ్ళకు కునుకు పట్టిందని చెప్పాను. నమ్మారు.

మాది చింతామణికి దగ్గరి పల్లె. అప్పటికి హైస్కూలు ముగించి ఇంట్లో ఉన్నాను. చదువంతా కన్నడంలోనే, తెలుగు మాత్రం నాన్న పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించింది. నలుగురిలో నోరు పెగలని దాన్ని. నేను కథలు రాస్తున్న సంగతి మా వదినకు తప్ప ఎవరికీ తెలియదు. మద్రాసు పత్రిక ఒకటి నా మూడో కథను కూడా తిప్పి పంపింది. ఈసారి మాత్రం దానితో పాటు సంపాదకుడి చీటీ ఉంది. "మీ కథలో ఆమె కోరినవన్నీ కోరగానే దొరుకుతున్నాయి. ఆమె దారికి ఏదైనా అడ్డం పెట్టండి. అడ్డం తగిలితేనే మనిషి ఎవరో తెలుస్తుంది."

చీటీని డైరీలో దాచుకుని రోజూ చదివేదాన్ని. కానీ అడ్డం పెట్టడం నాకు చేతకాలేదు. ఆమెకు బస్సు తప్పిపోయిందని రాస్తే, రెండు వాక్యాలు తిరక్కుండా ఇంకో బస్సు తెచ్చేదాన్ని. జ్వరం తెప్పిస్తే తెల్లారేసరికి తగ్గించేదాన్ని. కాగితం మీది మనిషిని కూడా కష్టపెట్టలేని మెత్తటి మనసు నాదని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ కథల్లోని ఆమె నిజానికి మా వదినే. వదినది బాగేపల్లి. పుట్టినింట్లో వేరుశెనగ తప్ప వేరే పంట చూడలేదు. మా ఊరొచ్చాక పక్కింటివాళ్ళ పట్టుపురుగులు చూసి ఆశపడింది. అన్న బావి కింద కొంచెం చోట మల్బరీ నాటించాడు. మొదటి రెండు పంటలూ పురుగులు చచ్చి దెబ్బతిన్నాయి. మూడోసారి గుడ్లు తెచ్చిన రోజే అన్న తేల్చి చెప్పాడు.

"ఇదే ఆకరు. ఈ తూరి పట్టుగూళ్ళు చేతికి రాకుంటే ఆ చెట్లు పెరికేసి సెనక్కాయ ఏస్తా."

"బాగేపల్లిలో సెనక్కాయలు ఒలిచి ఒలిచి గోర్లు అరిగిపోయినాయి. ఈడ గూడా అదేనా?" అంది వదిన నవ్వుతూనే. కానీ ఆ రోజు నుంచి పురుగుల గది వదిలి రాలేదు.

అమ్మ సాధించేది. "పురుగులకు ఏళ తప్పకుండా పెడతాండావు. మొగునికి సంగటి ఎప్పుడు పెడతావమ్మా?"

"మీ కొడుకు నోరు తెరిచి అడుగుతాడత్తా. ఇవి అడగలేవు గదా."

పురుగు పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక అవి తినే తిండికి అంతుండదు. ఒకనాడు తట్టల మధ్య వదిన దగ్గరికి వెళ్ళి, "బయట వానొస్తాంది వదినా" అన్నాను. వదిన పగలబడి నవ్వింది.

"వాన గాదు పాపా, నా పిల్లోళ్ళు తింటాండారు."

నిజమే. వేల నోళ్ళు ఆకు కొరికే చప్పుడు అచ్చం పెంకుల మీద పడే వానలాగే ఉంది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉండడంతో ఆ గదిలో వేరే సద్దే లేదు.

అది జరిగిన రెండో రోజు పొద్దున వదిన ఒకటిన్నర రోజుకు సరిపడా ఆకు కోసుకొచ్చి, మంచు తడి ఆరాలని వాకిట్లో గోనెల మీద పరిచింది. "ఆకు చూస్తాండు పాపా. మేకలొస్తే తోలు" అని లోపలికి పోయింది. అన్న చింతామణి సంతకు పోయాడు, అమ్మ చేనికి పోయింది. నేను అరుగు మీద నోటు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

పడమటి వైపు మబ్బు కమ్మింది. గాలి తిరిగింది. అంచున ఉన్న ఒక ఆకు మీద చినుకు పడి ఆకు తలాడించింది. నల్లకోడి రెక్కలు దించుకుని బండి కిందికి దూరింది. గోనెలు మూలలు పట్టి లాగితే ఆకంతా చూరు కిందికి వచ్చేస్తుంది. నాకు తెలుసు. సరిగ్గా అప్పుడు ఆ చీటీ గుర్తొచ్చింది. వదిన ఇప్పుడేం చేస్తుంది? ఏడుస్తుందా? దేవుణ్ణి తిడుతుందా? చూద్దామనిపించింది.

ఎంతసేపు ఆగానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. నోటు పుస్తకంలో సగం పేజీ నిండేంతసేపు. ఆ సగం పేజీ నిండింది కూడా.

మేత వేళకు వదిన బయటికి వచ్చింది. ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను కళ్ళు నులుముకున్నాను.

"పండుకొంటివా పాపా?"

"కునుకు పట్టింది వదినా."

"సరే, గుడ్డలు తే."

నేను ఎదురుచూసిన పెద్ద మాటలేవీ వదిన అనలేదు. తడి ఆకు పెడితే పురుగుకు రోగం. పెట్టకుంటే ఆకలి. తోటలోని ఆకూ తడిసే ఉంది. వదిన తన పాత చీరలు, నా ఓణీలు, అన్న పంచెలు అన్నీ తెచ్చుకుని ఒక్కో ఆకు రెండు వైపులా తుడిచింది. నేనూ పక్కన కూర్చుని తుడిచాను. తుడుస్తూ, వదిన పెదవి కరుచుకోవడం, చెంప మీద అంటుకున్న ఆకు ముక్క, అన్నీ గుర్తు పెట్టుకుంటున్నాను. లోపల పురుగులు తలలెత్తి మేత కోసం వెతుకుతున్నాయి. సగం తడి ఆరని ఆకునే పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం అమ్మ నన్ను తిట్టబోతే వదిన అడ్డం వచ్చింది. "ఊరుకో అత్తా. చిన్నపిల్ల, నిద్రకు ఏం తెలుస్తాది?"

మూడో రోజుకు పురుగులు మెత్తబడి నల్లబడ్డాయి. తట్టలకు తట్టలు దిబ్బలో పోశాం. గూళ్ళు కట్టించడానికి అరువు తెచ్చిన చంద్రికలు, ఆ పెద్ద వెదురు చాపలు, చాలావరకు ఖాళీగానే పక్కింటికి తిరిగిపోయాయి. అసలు గుడ్లే మంచివి కావేమో అని అమ్మ అంది. ఆ మాటను చాలా రోజులు పట్టుకు వేలాడాను. ఆ నెల్లోనే అన్న చెట్లు పెరికించాడు. వదిన చూడ్డానికి కూడా పోలేదు.

నా నాలుగో కథ అచ్చయింది. అందులో వాన ఉంది, తడిసిన ఆకు ఉంది, గుడ్డలతో తుడిచే ఆమె ఉంది. చివర్లో గూళ్ళు బంగారంలా మెరిసేలా రాశాను. అరుగు మీద మాత్రం ఎవరూ లేరు.

వదినకు చదువు రాదు. చదివి వినిపించమని అడిగింది. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ వింటోంది. చినుకుకు ఆకు తలాడించిందని, నల్లకోడి బండి కిందికి దూరిందని చదివేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"ఆ కోడి మాట మళ్ళీ సదువు."

చదివాను.

"మన కోడేనా?"

"ఊ."

వదిన మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. నిద్రపోయిన మనిషికి ఆ కోడి ఎలా కనిపించిందని నన్ను నేనే అడుగుతూ మిగతా కథ చదివాను.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో టీచరు ట్రైనింగు చదువుతున్నాను. కథలూ రాస్తున్నాను. అడ్డం తగిలితేనే మనిషి ఎవరో తెలుస్తుందని సంపాదకుడు రాసింది నిజమే. ఆ రోజు ఎవరో బయటపడింది వదిన ఒక్కతే కాదు. ఇప్పుడు ఎవరి దారికి అడ్డం పెట్టబోయినా, అరుగు మీద ఎవరున్నారో ముందు చూసుకుంటాను. చూశాక చాలాసార్లు కలం మూసేస్తాను.

ఇక్కడికి బయల్దేరిన రోజు చింతామణి బస్టాండు వరకు వదినే తోడొచ్చింది. నా ట్రంకు పెట్టె తనే పైకి ఎక్కించింది. దారికి వేయించిన శెనక్కాయలు మూట కట్టి ఇచ్చింది. చెప్పేద్దామనుకుంటూనే బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా వదిన కిటికీ దగ్గరికి వచ్చి, ఊచ మీది నా చెయ్యి పట్టుకుంది.

"పురుగుల సద్దులో వాన నాకు వినపళ్ళేదు పాపా. ఒక్క కేక ఏసింటే సాలుండె."