బొట్టు పెట్టిన చీటీ

నిన్న పొద్దున ఇల్లూడుస్తుంటే మంచం కింద నుంచి చీపురు కొసకు ఒక ప్లాస్టిక్ పొర తగులుకొని వచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంటుంది, ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, పొర కన్నా పల్చన, నడుమ మాడి నల్లబడిన కుంకుమ బొట్టు. ఆ బొట్టు పెట్టిన వేలు నాది. చీపురు అట్లనే పడేసి మంచం మీద కూర్చున్నాను. ఒక ప్లాస్టిక్ ముక్కకు ఇంత కథ ఏమిటని ఈ కాలం పిల్లలు అనుకోవచ్చు గానీ, కొత్త ఇనుము ఇంటికి తెస్తే బొట్టు పెట్టనిదే ముట్టుకోని నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటినాక. తప్పులుంటే సర్దుకోండి.

ముసలివాణ్ణి, ఇప్పుడు కర్నూలులో కూతురి దగ్గర ఉంటున్నాను. కూతురికి మూత్రపిండాలు చెడిపోయి వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. అల్లుడు లేడు. ఇంటికి దిక్కు మనవరాలే. ఆ పిల్ల ఇంకా కట్టని ఇండ్లను కట్టినట్టే కంప్యూటర్లో బొమ్మ గీసి, గది గదీ తిరిగి చూసినట్టు చూపించే విద్య నేర్చుకుంది. బెంగళూరులో ఇండ్లు కట్టేవాళ్లెవరో, ఒక ఇంటి బొమ్మ వారంలో చేసి పంపు, బాగుంటే ఇంట్లో కూర్చునే చేసే ఉద్యోగం నీదే అన్నారు. తల్లిని వదిలి ఊరు దాటలేని పిల్లకు అంతకన్నా ఏం కావాలి. ఆ పనికి పాత కంప్యూటరు చాలదని, విడి సామాన్లు తెప్పించుకొని కొత్తది తానే బిగిస్తానని కూర్చుంది.

సామాన్లన్నీ మంచం మీద పరిచినప్పుడు, బొట్టు పెట్టకుండా బిగించవద్దని అడ్డం పడింది నేనే. పసుపు తడిపి, కుంకుమ తడిపి, ఒక్కొక్కదానికీ పెట్టుకుంటూ పోయినాను. ప్రాసెసరు వేడి లాగేసేదానికి దాని మీద కూర్చోబెట్టే ఫ్యాను దిమ్మె ఒకటుంది, దాని అడుగున రాగి రేకు అద్దంలా మెరుస్తుంటే ముచ్చటపడి అన్నిటికన్నా పెద్ద బొట్టు దానికే పెట్టినాను. దాని మీద ఏవో సన్నటి ఇంగ్లీషు అక్షరాలున్నట్టు కనిపించింది గానీ, నాకు వచ్చింది తెలుగు ఒక్కటే, నేను పట్టించుకోలేదు. పిల్ల తుడవబోయింది. బొట్టు తుడిస్తే ఇంటికి మంచిది కాదన్నాను. నా మొహం ఒకసారి చూసి, అట్లనే బిగించింది.

దీపం వెలిగించి మీట నొక్కితే మొదట బాగానే లేచింది. పది నిమిషాలకు ఫ్యాన్లు పూనకం వచ్చినట్టు అరవడం మొదలుపెట్టినాయి. తెర మీద వేడి చూపించే అంకె ఒకటుంది, అది ఎనభై, తొంభై దాటి నూరు దగ్గరికి పోగానే తెర నల్లబడి మొత్తం ఆగిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగింది. పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టింది. మరలు బిగించింది. ఏవో లెక్కలు మార్చి నిదానంగా నడిపించబోయింది. సామాన్లు అమ్మినాయనకు ఫోను చేస్తే, కర్నూలు ఎండలకు అంతే ఉంటుందమ్మా అని తేల్చేసినాడట. ఊళ్లో బాగుచేసే మనిషి దగ్గరికి ఆటోలో వేసుకుని పోతే, లోపల కరెంటు ఇచ్చే పెట్టెదే తప్పని చెప్పి ఒక దినం పోగొట్టినాడు. ఆ దిమ్మె ఊడదీసి చూస్తే పోలేదా అంటే, ఒకసారి కదిపితే నడుమ పూసే లేపనం మళ్లీ కావాలట, అది ఊళ్లో దొరకలేదు, బయట నుంచి రావాల.

నేను ఊరికే ఉండలేక, తడి గోనె కప్పితే ఏమన్నా చల్లబడుతుందేమోనన్నాను.

"గోనె కప్పేదానికి అదేమన్నా ఎద్దా తాతా" అని నవ్వింది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వింది అదొక్కసారే.

గోనె మాట నా నోటికి ఊరికే రాలేదు. పత్తికొండ దగ్గర మా పల్లెలో నాకు ఇరవై ఏండ్లున్నప్పుడు, మా అన్న బావి మీదికి కొత్త ఆయిల్ ఇంజను తెచ్చినాడు. అంతవరకు ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు తోడిన వాళ్లం, ఇంజను దిగిన దినం ఊరంతా మా చేన్లోనే ఉంది. అర్ధ ఎకరాకు చాలని నీళ్లతో బతికిన అన్న, ఇంజనును నమ్ముకొని ఆ ఏడు రెండెకరాలు ఎర్రగడ్డ పెట్టినాడు. బిగించిన మనిషి బస్సుకు పొద్దు పోతోందని వెళ్లిపోయినాడు. పూజ నేను చేసినాను. ఇంజను వేడినీళ్లు బయటికి పోయే సన్నగొట్టం మూతికి ఏదో బిరడా, దానికి తీగతో కట్టిన అట్టచీటీ వేలాడుతున్నాయి. కంపెనీ వాళ్ల గుర్తు కాబోలనుకున్నాను. చదువు రాని కన్నుకు అచ్చేసిన కాగితమంతా దేవుడి పటం లాంటిదే. ఆ చీటీ నిండా పసుపు పూసి, నడుమ బొట్టు పెట్టి, గొట్టం మూతికి పూలూ పసుపుకొమ్మూ దారంతో చుట్టి, మూడు దినాలు వాటిని ఎవరూ ముట్టకూడదన్నాను.

పక్క చేన్ల ఇంజన్లకు సన్నగొట్టంలో వేడినీళ్లు కారుతుంటాయే, మనదానికి కారవేమని అన్న అడగనే అడిగినాడు. కొత్తది కదా, ఇంకా దారి పట్టలేదని నేనే చెప్పినాను. అప్పటికి ఇంజను గురించి నాకెంత తెలుసో, ఆ పక్కనే గడ్డి మేస్తున్న ఎద్దుకూ అంతే తెలుసు. అయినా అన్న నా మాట విన్నాడు. ఇంజను కాగిపోతుంటే ఆపడం, చల్లారినాక తిప్పడం, కుండలతో నీళ్లు పోయడం, తడి గోనెలు కప్పడం, మూడు దినాలు ఇదే పని. గోనె మీద ఆవిరి లేస్తుంటే ఆ కమురు వాసన చేనంతా వచ్చేది. మూడో దినం మధ్యాహ్నం ఒక కీచుమనే చప్పుడుతో పట్టేసుకుంది, ఇక తిరగలేదు.

పత్తికొండ నుంచి మెకానిక్కును పిలిపించి, అన్న నన్ను పక్క పల్లెకు కపిల సామాను అడుక్కురమ్మని తోలినాడు. నేను తిరిగి వచ్చేసరికి ఆ మనిషి చూసి వెళ్లిపోయినాడు. అన్న బావి గట్టున కూర్చుని ఉన్నాడు. ఏమన్నాడని అడిగితే నా వైపు తిరగకుండా చెప్పినాడు.

"నాదే తప్పు లేరా. ఎక్కువసేపు తిప్పినా."

కపిలతో రెండెకరాలు తడుస్తుందా. ఎర్రగడ్డ వేలంత కూడా ఊరకముందే కొసలు పండి వాలిపోయింది. ఆ వేసవికే అన్న బేతంచెర్ల నాపరాళ్ల గనికి పోయినాడు. ఇరవై ఏండ్లు రాళ్లు పగలగొట్టి, దుమ్ము మింగి, దగ్గుతో తిరిగి వచ్చినాడు. చేను మళ్లీ తొక్కలేదు.

నేను అక్షరాలు నేర్చుకుంటున్న రోజుల్లోనే ఆయన పోయినాడు. దినాలు అయినాక వదిన, నీ దగ్గరే ఉంచుకోమని ఆయన రేకుపెట్టె నా ముందర పెట్టింది. అడుగున ఆ అట్టచీటీ. పసుపు గీకి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివినాను. ఈ బిరడా తీయకుండా ఇంజను నడపవద్దు. ఇంగ్లీషులోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. నా జన్మలో నేను పూర్తిగా చదివిన మొదటి వాక్యం అదే. తప్పు నాదని ఆ దినం తెలిసింది. అన్న ఆ సంగతి తెలియకుండానే పోయినాడు, కుంకుమ ఉన్న కాగితం పారేయకూడదని దాచినాడు అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేండ్లూ ఆ మాట మీదే బతికినాను.

మనవరాలి సంగతికి వస్తాను. వారం గడిచేసరికి సగం బొమ్మే పంపగలిగింది. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చినారట, పని ఇంకొకరికి ఇచ్చేసినామని. లేపనం ఆ తర్వాత రెండు దినాలకు వచ్చింది. నేను కూతురిని ఆసుపత్రికి తీసుకుపోయిన పూట, పిల్ల ఒక్కతే ఆ దిమ్మె ఊడదీసి మళ్లీ బిగించింది. మేము వచ్చేసరికి కంప్యూటరు చప్పుడు లేకుండా నడుస్తోంది, అంకె నలభై దగ్గర కదలకుండా నిలబడింది. ఏమైందమ్మా అని అడిగినాను. గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండా చెప్పింది.

"నాదే తప్పు తాతా. సరిగా చూసుకోకుండా బిగించినా."

నేను నమ్మినాను. చిన్నపిల్ల, మొదటిసారి, పొరపాటు మామూలేలే అని ఓదార్చినాను కూడా. నిన్న చీపురుకు తగులుకున్న పొర, బిగించేముందు పీకేయమని అక్షరాలు రాసి రాగి రేకు మీద అంటించి పంపే పొర, అది నడుమ ఉంటే వేడి రాగికి అందదు. ఇంగ్లీషు రాకపోయినా, నా బొట్టు ఆ అక్షరాల మీద కూర్చుని ఉండడం చూస్తే, అది ఏం చెబుతోందో చదవనక్కర లేకుండానే తెలిసింది. ఆ వెంటనే బావి గట్టు గుర్తొచ్చింది. పూలూ దారం తెంపకుండా, బిరడా పీకకుండా ఆ మెకానిక్కు వెళ్లిపోయి ఉంటాడా. చీటీ అన్న చేతికి ఎట్ల వచ్చింది. అన్నకు తెలుసు. మెకానిక్కు వచ్చిన దినం నుంచీ తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు, తెలిసే గనికి పోయినాడు. అడుగుదామంటే మనిషి లేడు.

ఇప్పుడు మా బావిలో నీళ్లు లేవు, తుమ్మచెట్లు మొలిచినాయి. ఇంజన్లు పోయి మోటార్లు వచ్చినాయి. అప్పట్లో ఇనుము కాగిపోతే ఊరంతటికీ వాసన వచ్చేది, పదిమంది పరిగెత్తి వచ్చేవాళ్లు, చేతనైంది చేసేవాళ్లు. ఈ కంప్యూటరు గడప దాటి ఎవరికీ తెలియకుండా కాగి, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. పిల్ల ఇప్పుడు కలెక్టరాఫీసు దగ్గర జిరాక్సు అంగడిలో అర్జీలు టైపు చేస్తాది.

నిన్న సాయంత్రం చెబుదామనే పొర చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పిల్ల వచ్చింది, కాళ్లు కడుక్కుంది, తల్లికి మాత్రలిచ్చింది, తిన్నావా తాతా అని అడిగింది. తిన్నానన్నాను. పొర తీసుకుపోయి రేకుపెట్టెలో చీటీ పక్కన పెట్టినాను. కంప్యూటరు మూలనే ఉంది, మీద తువ్వాలు కప్పి. పోతూ పోతూ చెయ్యి పెట్టి చూసినాను. చల్లగా ఉంది.