జోడీదారు ఫొటో

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మామ పోయాక మరీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మా మామ మల్లయ్య లాల్‌పేట్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఆయనతో జతగా పనిచేసిన జోడీదారు పోశం కాక. షిఫ్టు అయ్యాక ఒకరినొకరు "పైకొచ్చినవా?" అని అడిగి గానీ ఇంటికి కదిలేవారు కాదట. పోశం కాక మాజ్రిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక ఆ పలకరింపు ఫోన్లోకి వచ్చింది. రోజూ తెల్లారకముందే, స్పీకర్ పెట్టి, వాడకట్టంతా వినేలా. నాకు నిద్ర ఉండేది కాదు. ఒళ్లు మండిపోయేది.

మామకు చూపు తగ్గిందని మా ఆయన స్మార్ట్‌ఫోన్ కొన్నారు. దాన్ని సులువు చేసే పని నాది. చదవక్కర్లేకుండా పెద్ద పెద్ద ఫొటోలు పెట్టాను: కొడుకు, కూతురు, నేను, డాక్టరు. ముట్టుకుంటే చాలు, ఫోన్ వెళ్తుంది. పోశం కాక ఫొటో పెట్టలేదు. మర్చిపోయి కాదు. ఆయన నంబరు బ్లాక్ కూడా చేశాను. కొన్నాళ్లకే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానా?

కోడలంటే ఇట్లుండాలని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా నవ్వాను.

ఒకరోజు మామ ఫోన్ నా ముందు పెట్టారు.

"బిడ్డా, గిండ్ల మా పోశం ఏడున్నడు? దొరుకుతలేడు."

"నంబర్ మార్చిండట మామా. కొత్తది తెల్వది."

"నా నంబరైతే మారలే గద," అన్నారు. మళ్లీ అడగలేదు.

కానీ తెల్లవారుజామున లేచి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఇల్లు చప్పుడు లేకుండా ఉండేది. నేను హాయిగా నిద్రపోయాను. అన్నిటికన్నా అదే నాకు ఎక్కువ సిగ్గు. ఆ చలికాలంలోనే మామ పోయారు, జోడీదారు తనను మరిచాడనుకుంటూనే.

కర్మకు పోశం కాక వచ్చారు. "ఎప్పుడు చేసినా బిజీ అనే వచ్చేది. పెద్ద ఫోన్ వచ్చినంక మనోడు పెద్దోడైండనుకున్న" అని ఏడ్చారు. ఏడ్చి, జేబులోంచి తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు. "మీ మామకు చేసినట్టే నాకు గూడ అల్కగ చేసియ్యి బిడ్డా. ముందుగాల మా మల్లయ్య ఫొటో పెట్టు."

పెట్టాను. ఫోన్ ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

క్షమించాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. ఇంకొకరు నన్ను ఇంకా బిడ్డా అనే పిలుస్తున్నారు. మీతో చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. అదైనా నాకు దక్కాల్సిందేనా, తెలియదు.