మాండియా కాపలా కాసిన చొక్కా

ఈ ఉదయం కోరాపుట్‌లో కొండ మీది నుంచి మంచు మా పెరట్లోకి దిగి, ఇంకా తిరిగి వెళ్లకముందే, తీగ మీద ఆరేసిన నా చొక్కా దగ్గరకు వీధి కుక్క ఒకటి వచ్చి, దాని అంచును శ్రద్ధగా వాసన చూసి, తనకు తెలిసినదేదీ అక్కడ లేదని తేల్చుకున్నట్టు మళ్లీ మంచులోకే నడిచిపోయింది. దాని రంగు సోళ్ల పిండి రంగు. కాఫీ చల్లారేవరకు నేను ఆ ఖాళీ చోటునే చూస్తూ ఉండిపోయాను.

రాయగడలో పెరిగిన నా ఈడు వారికి తెరుబలి లోహ కర్మాగారం నుంచి వచ్చే షిఫ్టు బస్సు గుర్తుండే ఉంటుంది; అందులోంచి దిగే మనుషుల వాసన కూడా. మా నాన్నగారు అక్కడ కొలిమి దగ్గర పనిచేసేవారు. కాలిన బొగ్గు, వేడెక్కిన ఇనుము, వాటికి అడుగున ఉప్పు చెమట. తరువాతి కాలంలో కొలిమి వేడిని కొలిచే పరికరాలను సరిచూడడమే నా ఉద్యోగమైంది గనుక ఆ వాసనలో ఏది ఎక్కడిదో విడదీసి చెప్పగలను; కలిపి చెప్పమంటే మాత్రం నాన్నగారు అని తప్ప మరో మాట రాదు. అమ్మకు ఆ వాసన పడేది కాదు. వీధి వరండాలో తలుపుకు కుడివైపున నడుము ఎత్తున ఇనుప కొక్కెం కొట్టించి, "ఆ సొక్కా గడప దాటిందంటే మీకు అన్నం లేదు, సెప్తన్నాను" అని శాసించింది. నాన్నగారు నవ్వి, చొక్కాను అక్కడ తగిలించి, నూతి దగ్గరకు వెళ్లేవారు.

ఆ కొక్కెం కిందనే మాండియా పెరిగింది. నారాయణపట్నలో కిరాణా కొట్టు నడిపే మా మేనమామ చేతిసంచిలో వేసుకుని తెచ్చిన ఆడ కుక్కపిల్ల అది. మేము సోళ్లనే రాగులను ఆ వైపు మాండియా అంటారు. ఒంటి రంగును బట్టి అదే దాని పేరైంది. చొక్కా కొక్కేనికి చేరితే గాని అది అన్నం ముట్టేది కాదు. తిన్న తరువాత అంచు ముక్కుకు తగిలేలా పడుకుని, నిద్రలో ఎక్కడికో పరుగెత్తుతున్నట్టు కాళ్లు కదిలించేది.

నేను పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఉండగా గుండె ఆగి నాన్నగారు పోయారు. మైల విడిచే రోజున ఆనవాయితీ ప్రకారం ఇంట్లోని బట్టలన్నీ నూతి దగ్గర నానాయి. వాటితో పాటు కొక్కేనికి ఉన్న ఆ ఆఖరి చొక్కా కూడా. ఎవరికీ మరో ఆలోచన రాలేదు. అమ్మే దానికి రెండుసార్లు సబ్బు పెట్టి, ఆరాక మాండియా కోసమని మళ్లీ కొక్కేనికి తగిలించింది. మాండియా వచ్చి, తల ఎత్తి, అంచు పొడవునా వాసన చూసింది. చూసి, వీధి మొదట్లో షిఫ్టు బస్సు ఆగే చోటికి వెళ్లి కూర్చుంది. బస్సు వచ్చేది, దిగవలసినవాళ్లు దిగిపోయేవారు, అది కూర్చునే ఉండేది. అన్నం మానేసింది, పక్కటెముకలు తేలాయి. అమ్మ గిన్నె పట్టుకుని వెళ్లి, నడివీధిలో దాని పక్కన కూలబడి, "తిను అమ్మి. నువ్వు కూడా ఎల్లిపోతే నానెవులితో మాటాడాలి" అని బతిమాలేది.

పక్కింటి బాబాయి నాన్నగారితో అదే కొలిమి దగ్గర పనిచేసేవారు. ఒక సాయంత్రం బస్సు దిగి, సొంత గుమ్మం దాటి మా వరండా ఎక్కి, ఒంటి మీది చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. "నవ్వకు వదినా. దానికి కావలసింది ఉతికింది కాదు, మాసింది" అన్నారు. మాండియా ఆలస్యంగా వచ్చింది. చెమట వేరొకరిది, కొలిమి మాత్రం అదే; ఆ తేడాను అది చాలాసేపు తూచినట్టుంది. చివరకు కొక్కెం కింద పడుకుంది. అమ్మ గిన్నె తెచ్చింది. అది తింటూ ఉంటే గోడ అవతల నుంచి పిన్ని, "మంచిదే అక్కా, నాకో సొక్కా ఉతుకు తప్పింది" అంది. నాన్నగారు పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఆ తరువాత వారం వారం చొక్కా మారుతూ, ఏళ్లు గడిచాయి. మాండియా ముఖం తెల్లబడింది. ఒక వర్షాకాలం, కొక్కెం కిందనే, నిద్రలో కాళ్ల కదలిక ఆగిపోయింది. పెరట్లో జామచెట్టు మొదట పాతిపెట్టాము. చొక్కా మార్చే రోజున బాబాయి తల వంచుకుని మా ఇల్లు దాటిపోబోతుంటే, అమ్మ గడపలోంచి పిలిచింది.

"కొక్కెం కాళీగా ఉంది బాబు. తగిలించి ఎల్లు."

ఆయన వెనక్కి వచ్చి, చొక్కా తగిలించి వెళ్లారు. అమ్మ తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, గడప లోపల, కొక్కేనికి దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు కొలుముల్లో పనిచేసేవారు అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వస్తున్నారు. ఊపిరితిత్తులకు అది ఎంత మేలో నాకు తెలుసు; వెనకటిలా ఉండాలని కోరను. అయినా, చీకట్లో కళ్లు మూసుకుని మా మనిషి వచ్చాడని చెప్పగల ఇల్లు ఇక ఎక్కడుందో తెలియదు. మంచు విడిచాక తీగ దగ్గరకు వెళ్లి, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని, నా చొక్కా అంచును ముక్కుకు ఆనించుకున్నాను. సబ్బు వాసన. ఆ వీధి కుక్క తీర్పులో పొరపాటేమీ లేదు.