మొలతాడు గీత

మొన్న ఈ ఉక్కు కార్ఖానాల పట్నంలో, సాక్చి బజారులో ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్తే, దర్జీ టేపు చల్లగా నడుముకు తగిలింది. ఊపిరి బిగబట్టాను. పొట్ట వదలమని దర్జీ హిందీలో అని నవ్వాడు. పొట్ట దాచుకోవడానికి బిగబట్టలేదు నేను. ఆ చల్లదనం తగిలితే నాకు డాక్టర్ సరళమ్మ గారూ, ఆమె దగ్గర నేను చేసిన తప్పూ గుర్తుకొస్తాయి.

సరళమ్మ గారిది పర్లాకిమిడి వైపు. స్థూలకాయం, చక్కెర జబ్బుల మీదే ఆమె జీవితమంతా పరిశోధన చేశారు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం పెరిగిన మగవాళ్లు, బరువు తూస్తే లావని తేలకపోయినా, ఈ జబ్బులో ఎందుకు పడుతున్నారన్నది ఆమె ప్రశ్న. శ్రీకాకుళం నుంచి కార్ఖానా పనులకు వచ్చిన కుటుంబాలు భుయ్యాడీహ్‌ బస్తీలో ఎక్కువ కాబట్టి అక్కడ మొదలుపెట్టారు. ఇంటింటికీ తిరిగి మగవాళ్ల నడుము కొలవడం నా పని. కొలత హద్దు దాటితే రక్తపరీక్షకు పంపాలి; దాటకపోతే భయం లేదని చీటీ రాసివ్వాలి. నా కొలతను ఆమె తిరిగి చూసేవారు కాదు. "నీ అంకే నా అంకె, అప్పారావూ" అనేవారు.

రెండో ఏడు చలికాలంలో, ఒక ఆదివారం పొద్దున పాత డైరీ తిరగేస్తుంటే నా రాతే కనిపించింది: "మొలతాడు గీత మీదే టేపు పెడుతున్నాను. వెతుక్కోనక్కరలేదు. పని త్వరగా అవుతోంది." కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవాలని ఆమె నేర్పారు. మావాళ్లు మొలతాడు విప్పరు, జరపనివ్వరు. సన్నటివాళ్లకు ఆ తాడు వేసిన నల్లగీత ఇంచుమించు సరైన చోటే ఉండేది. దాన్నే గుర్తుగా పెట్టుకున్నాను. చదువుతూ చదువుతూ నా మొలతాడు తడిమి చూసుకున్నాను. పొట్ట కిందికి జారి ఉంది. అక్కడ కొలిస్తే పొట్ట ఉన్న ఎవరి నడుమైనా తక్కువే వస్తుంది. ఎవరిని వెతుకుతూ తిరిగామో, వాళ్లకే భయం లేదని రాసిచ్చాను.

మూడు రోజులు నోరు విప్పలేదు. దారిలో పొట్ట ఉన్న మగవాడు ఎదురైతే, నా చీటీ అతని జేబులో ఉందేమోనని తల దించుకునేవాణ్ణి. ఆ వారంలోనే ఆమె తన వ్యాసం పంపబోతున్నారు. నాలుగో రోజు డైరీ ఆమె బల్ల మీద పెట్టి చెప్పేశాను.

"ఎన్ని ఇళ్లు?" అన్నారు.

"మొలతాడు ఉన్నోళ్లందరూ, అమ్మా."

ఆమె ఆ పేజీ చదివారు. "నీకు కొలత నేర్పిన్నాడు నాను సూపించింది మన గుమాస్తా మీద. ఆయనకి మొలతాడు నేదు. నాకూ తట్టనేదు."

వ్యాసం సంగతి అడిగాను.

"అది ఆగుతాది. జబ్బు ఆగదు. లే, టేపు తీ."

మొదటి ఇల్లు కొలిమి దగ్గర పనిచేసే గవర్రాజుది. "ఏటి బావూ, మళ్లీ వచ్చినావు? ప్యాంటు కుడతావేటి?" అన్నాడు. ఆ పొట్టకి ముందు సొక్కాలే సాలట్నేదని లోపల్నుంచి భార్య అంది. తప్పు నాదని నా నోటితోనే చెప్పాలన్నది సరళమ్మ గారి షరతు. ఆమె నా పక్కనే నిలబడ్డారు. చెప్పాను. గవర్రాజు నవ్వు ఆగిపోయింది. దేవుడి పటం వెనక దాచుకున్న చీటీ తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇది అబద్ధమా?"

అవునన్నాను. ఆయన రక్తపరీక్షకు చెయ్యి చాపాడు. చక్కెర చాలా ఎక్కువ ఉంది. కాలి మీద పుండు ఎన్నాళ్లకీ మానడం లేదని భార్య అప్పుడు చెప్పింది. చీటీ ఉంది కదా అని ఆసుపత్రికి వెళ్లలేదట. కాలు దక్కింది. ఒక వేలు దక్కలేదు.

అందరినీ మళ్లీ కొలిచి వ్యాసం పంపేసరికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఆమె కనిపెట్టిన సంగతినే వేరేచోట ఎవరో ముందుగా రాసి ప్రకటించేశారు. దాని గురించి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అడిగిందల్లా, ఇంకా ఎవరు మిగిలారని. "దొరికినోడి పేరు కొట్టెయ్యి. దొరకనోడిని కొత్త పుస్తకంలోకి ఎక్కించు" అనేవారు. చివరికి ఒక్క పేరు మిగిలింది, కూర్మారావు. గది ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోయాడన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు.

సరళమ్మ గారు పోయి రెండేళ్లయింది. నేనూ పని మానేశాను. అయినా ఏటేటా కొత్త డైరీ మొదటి పేజీలో ఆ పేరు ఎక్కిస్తాను. జుగ్సలాయి బజారులో గానీ, స్టేషన్లో గానీ తెలుగు మాట వినబడితే దగ్గరికెళ్లి ఏ ఊరని అడుగుతాను. వాళ్లు సంతోషంగా చెబుతారు. కూర్మారావు అనే ఆయన మీకు తెలుసా అని తర్వాత అడుగుతాను. తెలుసని ఇంతవరకూ ఎవరూ అనలేదు.