సున్నం కింద కోళ్ల రికార్డు

ఆ రోజుల్లో నేను ఏమీ రాయలేదంటే అది బద్ధకం వల్ల కాదు, జొన్నచేను వల్ల. బడి మా చేనును ఆనుకునే ఉండేది. నా ఈడు పిల్లలు బడిలో, నేను మంచె మీద. వడిసెలతో పిట్టలను తోలుతూ, వాళ్లు గొంతెత్తి చదివే ఎక్కాలన్నీ విని నేర్చేసుకున్నాను. అందుకే పదమూడో ఎక్కం గడగడా వచ్చేది, సంతకం చేయమంటే మాత్రం బొటనవేలు ముందుకొచ్చేది. (అక్షరాలు పలక మీద దిద్దేవారట. మంచె మీదికి అవి వినిపించవు కదా.)

నలభై దాటాక బిజినేపల్లి దగ్గర మా అత్తగారి చేన్లో నాటుకోళ్లు పెట్టాను. మందులూ, కొట్లో దాణా లేకుండా పెంచి సేంద్రియ ధ్రువపత్రం తెచ్చుకుంటే పట్నంలో ఒక దుకాణం వాళ్లు గుడ్లన్నీ తీసుకుంటామన్నారు. పత్రం రావాలంటే కోళ్లకు ఏ రోజు ఏం పెట్టామో, ఏ రోగానికి ఏం చేశామో రోజూ రాసి పెట్టాలి. మా ఆయన తాను రాస్తానన్నాడు. మూడు రోజులు రాశాడు, నాలుగో రోజు పెన్ను పోయిందన్నాడు. ఇక లాభం లేదని కోళ్ల షెడ్డు గోడ మీద జాజుతో (గడపలకు పూసే ఎర్రమన్ను) నేనే గుర్తులు పెట్టాను. జొన్నలు వేస్తే నిలువు గీత, పసుపూ వెల్లుల్లీ పెడితే సున్న, గద్ద పిల్లను ఎత్తుకుపోతే మూడు గోళ్లు. ఏడాది తిరిగేసరికి గోడ నిండింది. పెళ్లి ఫొటో కూడా అంత మురిపెంగా చూసుకోలేదు.

తనిఖీ సారు వచ్చే రోజు పొద్దున్నే ఊళ్లోకి పోయి పాలు తెచ్చేసరికి, మా అత్త ఆ గోడకు సున్నం కొట్టేసింది. (పండుగకు, పెళ్లికి, సర్కారు మనిషికి మా ఇంట్లో సున్నమే మర్యాద.)

"గిదేందత్తా, నా ఏడాది కష్టమంత తుడిచిపెడ్తివి" అన్నాను.

"ఎర్రగ గీకి పెడ్తివి గద. సారు జూస్తే నవ్వడా?"

సారు వచ్చేసరికి సున్నం ఆరిపోయింది. రిజిస్టరు ఏదన్నాడు. గోడ చూపించాను. ఆయన కాసేపు చూసి, "తెల్లగనే ఉందమ్మా" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. వాన జల్లు కొట్టినప్పుడల్లా సున్నం కింది పాత మరకలు పైకి తేలుతాయి కదా. బకెట్టెడు నీళ్లు తీసి గోడకు కొట్టాను. అత్త చీర సగం తడిసింది, రెండు పెట్టలు తిట్టుకుంటూ పోయాయి, నా గీతలు మాత్రం ఒక్కొక్కటే ఎర్రగా పైకి వచ్చాయి.

సారు అద్దాలు పెట్టుకుని వేలు చూపిస్తుంటే నేను చదువుతూ పోయాను. ఒకచోట ఆగి, "ఈ ఒక్కటి అడ్డగీత ఏందమ్మా?" అన్నాడు. వెనక నుంచి అత్త నా కొంగు లాగింది. ఆ రాత చదవగలిగేది లోకంలో నేనొక్కదాన్నే. ఏం చెప్పినా చెల్లేది.

"గా దినం వానకు జొన్నలు తడిసినయ్ సార్. కొట్ల దాణా ఏసినం."

"అడిగిండని అన్నీ చెప్తదా ఏంది" అని అత్త గొణిగింది.

"చెప్పకుంటే నాకు తెలిసేది కాదు గదమ్మా" అన్నాడు సారు.

"కోళ్లకు తెల్సు గద సార్."

ఆయన నవ్వాడు కానీ పత్రం మాత్రం ఇవ్వలేదు. అడ్డగీత పడ్డ రోజు నుంచి మళ్లీ ఏడాది గడవాలన్నాడు. "ఈసారి పుస్తకంల రాయాలె. గోడను ఆఫీసుకు మోసుకపోలేను. ఎవలు రాస్తరు?"

"నేనే రాస్త" అనేశాను. అప్పటికి నాకు 'అ' కూడా రాదు. ఆ ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు తడిసిన చేతులతో నిలబడ్డ నన్ను నేను తలచుకుంటే మాత్రం ముద్దొస్తుంది. ఏడాది గడిచాక పత్రం వచ్చింది, నా చేతిరాత చూసే ఇచ్చారు.

సారు వచ్చిపోయిన మర్నాడు పొద్దున కోళ్లను బయటికి వదిలి, తల దువ్వుకుని, అంగన్‌వాడీకి పోయాను.

"ఏ పిల్లను తోల్కపోనీకి వచ్చినవక్కా? ఇంక అన్నం గూడ పెట్టలే" అంది టీచరు.

"ఎవల్ని గాదు. గా పిల్లను జర జరుగుమను" అని చాప మీద కూర్చున్నాను.